వరికి కర్త యెవ్వరు?

కోనసీమలో అంబాజీపేట పేరెత్తగానే యెవ్వరికైనను కొబ్బరి బేరము జ్ఞాపకము వచ్చును. ఆ అంబాజీపేట చెంతనే నందంపూడి యను గ్రామమొకటి కలదు. దాని పేరెత్తగానే, కొబ్బరి వర్తకులకు కాకపోయినను, తెలుగు పండితులకు రాజరాజనరేంద్రుడు జ్ఞాపకము వచ్చును. క్రీ.శ. 1053లో ఆ వేంగీశ్వరుడు ఆ గ్రామమును నారాయణభట్టునకు అగ్రహారముగ ధారవోసినప్పుడు రాగిరేకులమీద చెక్కించిన శాసనమును రచించినవాడు, మహాభారతమును తెనిగింప మొదలిడిన నన్నయభట్టే. అంతటి కవి వాక్కు సోకిన పొలముల యెల్లలలో నేడేమున్నదో చూడవలయునను వేడుకతో, శ్రావణమాసపు ముసురులో నొకనాడు అంబాజీపేటలో బస్సు దిగి, టీకొట్టు చూరుక్రింద నిలుచుంటిని. ప్రక్కన నిలిచిన రైతొకడు నా చేతిసంచిని, కండ్లద్దములను పరికించి, "ఏం పనిమీద వచ్చారండి మాస్టారూ?" అని యడిగెను. పరిశోధన పనిమీద వచ్చితినని నేను కొంచెము దర్పముగనే చెప్పితిని. "ఆయ్, అయితే ఇటు కాదండి. పరిశోధన స్థానం అటేపుంది. తెల్లదోమకి మందేదో అక్కడే పెంచుతారు," అని ఆయన చేయి చాచి దారి చూపెను.

నేను వచ్చినది తెల్లదోమకై కాదని, వేయేండ్లనాటి యొక కవికై యని వివరించినపుడు ఆయన మొగమున కనబడినది అవహేళన కాదు, జాలి. "పోనీలెండి, అదీ ఎవరో ఒకరు చూడాలి గదా," అనెను.

ఆయన మాటలో తప్పేమియు లేదు. కొబ్బరి యాకులమీద తెల్లదోమ చేరి, దానివెంట నల్లని మసి పట్టి, తోటకు తోట బొగ్గుల కొట్టువలె మారుటను కన్నులార చూచినవానికి, ఆ దోమను చంపు బూజును సీసాలలో పెంచి పంచిపెట్టువాడే పరిశోధకుడుగ తోచుట సహజము. ఆ పరిశోధన స్థానమున 1955 నుండి కొబ్బరిపై పరిశోధన సాగుచున్నది. పురుగుమందు డబ్బా పట్టుకొని చెట్టెక్కనక్కరలేకుండ, పురుగును తిను పురుగులను, ఆ చీడపురుగుమీదనే బ్రదుకు బదనికలను పెంచి తోటలలోనికి వదలు విద్య ఆ స్థానమువారిది. నన్ను కలతపెట్టినది రైతు మాట కాదు. అదే మాటను రైతుకున్న జాలి యైనను లేకుండ చదువుకొన్నవారు పలుకుటయే. ఏ కళాశాల సభకు పోయినను, ఏ విశ్వవిద్యాలయపు ఆయవ్యయ చర్చ చదివినను, పరిశోధనలను రెండు రాసులుగ పోసి, ఒకదానికి "ఉపయోగము" అనియు, రెండవదానికి "సరదా" అనియు పేరుపెట్టుచున్నారు. మొదటి రాశిలో వరి, మందులు, యంత్రములు. రెండవ రాశిలో తాళపత్రములు, శాసనములు, ఏ పద్యము ఎవరిదను మీమాంస. రాసులు పోయువారికి ధాన్యపు కొలత తెలిసినంతగ విత్తనపు పుట్టుక తెలియదని నా యభిప్రాయము. ఏలయన పుట్టుక దగ్గరకు పోయినచో ఈ రెండును ఒకే ప్రశ్నతో మొదలగుచున్నవి. ఇది యెవరి కృతి? ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినది? నడుమ నేమి చేరినది, ఏమి జారిపోయినది?

ఈ గోదావరి మండలమువలె ఇన్ని తీరుల పరిశోధనలు ఇంత యిరుకు చోట ప్రక్కప్రక్కల నివసించు ప్రదేశము తెలుగునాట మరియొకటి కలదని నేననుకొనను. మార్టేరులో 1925 నుండి వరి. రాజమహేంద్రవరమున 1947 నుండి పొగాకు. పెదవేగిలో ఆయిల్ పామ్. వెంకట్రామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము. ఆ రాజమహేంద్రవరముననే 1922లో, రాజరాజు పట్టాభిషేకమునకు తొమ్మిదివందల యేండ్లు నిండిన సంవత్సరమున, భావరాజు వెంకటకృష్ణారావుగారు మొదలగువారు ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని నెలకొల్పిరి. వీరేశలింగము పంతులుగారు కవుల చరిత్రములు వ్రాసినది ఆ యూరివాడుగనే. చాగంటి శేషయ్యగారు కవి తరంగిణి సంపుటములను వెలయించినది కపిలేశ్వరపురమునుండి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, పట్టములేవియు లేకయే, రెడ్డిరాజుల చరిత్రను ప్రపంచము చదువదగిన రీతిని వ్రాసి 1948లో ప్రకటించిరి. ఇన్ని దీపములున్నను ఒక దీపపు వెలుగు రెండవదానిమీద పడదు. వరి శాస్త్రజ్ఞుడు శాసన పరిశోధకుని పెండ్లిపందిరిలో కలిసికొనిన వియ్యంకుని మేనమామవలె పలుకరించునే గాని, తమ యిరువురిదియు ఒకే వృత్తి యని ఎరుగడు.

ఈ కర్తృత్వపు లెక్కలో మన ప్రాచీనులు నేటివారికంటె నిక్కచ్చిగ నుండిరని తలచుటకు ఒక తార్కాణము కలదు. కపిలేశ్వరపురమునకు దాపుననున్న కోరుమిల్లిలో దొరికిన రాజరాజు రాగిరేకులను చూడుడు. వంశ ప్రశంసయు, దాన వివరమును ముగిసిన తరువాత చివర కొన్ని పేర్లుండును: ఆజ్ఞప్తి కటకాధీశుడు, కావ్యకర్త చేతనభట్టు, లేఖకుడు గండాచార్యుడు. ఆజ్ఞ నడిపించినవాడు వేరు, మాటలు కూర్చినవాడు వేరు, రేకుమీద అక్షరములు దిద్దినవాడు వేరు; ముగ్గురికిని మూడు పేర్లు, మూడు పాత్రలు, రాజముద్ర క్రింద చెరగకుండ. ఇంత చక్కని ఏర్పాటును నేటి శాస్త్రపత్రికలలో ఒక వ్యాసమునకు ఇరువదిమంది పేర్లు పొదిగి, అందు ప్రయోగశాలకు కాలుపెట్టని అధికారి పేరు చివరను, రాత్రులు మేలుకొన్న విద్యార్థి పేరు నడుమను ఉంచెడి ఆచారముతో పోల్చి చూచుకొన్నచో, వేయేండ్లలో మనము గండాచార్యుని పోగొట్టుకొని ఆజ్ఞప్తిని మాత్రము మిగుల్చుకొంటిమేమో యని సందేహము కలుగును.

నందంపూడి పుచ్చుకొన్న నారాయణభట్టు సంగతియు ఇట్టిదే. భారత రచనలో తనకు ఆయన తోడుపడెనని నన్నయ స్వయముగ చెప్పుకొనెను. యుద్ధమున అర్జునునకు కృష్ణుడెట్లో తనకు ఈ నారాయణుడట్లని పోల్చెను. అంత పెద్ద పోలిక ఊరక వచ్చునా? కృష్ణుడు బాణము వేయలేదు గాని, రథము ఎటు పోవలయునో నిర్ణయించినవాడు ఆయనయే గదా. మూలమును అన్వయించి చెప్పెనా, కథను ఎచ్చట కుదింపవలయునో సూచించెనా, పద్యములే కొన్ని కూర్చెనా యని పండితులు తర్కించుచు వచ్చిరి. ఆ తర్కమునకు ఫలమేమని అడుగువారు, ఒక మహాకార్యము ఒంటరిగ సాగదని తెలుగు సాహిత్యపు మొదటి కావ్యమే కృతజ్ఞతతో చాటుచున్నదను సత్యము ఫలము కాదా యని తమలో తాము విచారింపవలయును.

ఇంతకంటె విచిత్రమైనది అరణ్యపర్వపు అతుకు. నాలుగవ ఆశ్వాసమున 142వ పద్యము దగ్గర, శరత్కాలపు రాత్రులను వర్ణించుచు వర్ణించుచు నన్నయ గంటము ఆగిపోయినది. తిక్కన ఆ శేషమును తాకక విరాటపర్వమునుండి మొదలుపెట్టెను. మూడు శతాబ్దములకు దగ్గరగ గడచిన పిమ్మట ఎఱ్ఱన వచ్చి, ఆ శరద్వర్ణనను విడువకయే అందుకొని, శేషమును పూరించి, తన కాలపు ప్రభువైన ప్రోలయ వేమారెడ్డికి కాక, ఎన్నడో గతించిన రాజరాజునకే అంకితముచేసి, అది నన్నయ రచనయే యన్నట్లు తీర్చెను. తన పేరు మరుగుపడవలయునని కోరిన కవి పేరును తవ్వి తీయుట సాహిత్య పరిశోధకుని పని. అతుకు ఇచ్చటనని పరంపరగ చెప్పుకొనుచున్నను, సమాసములు కట్టెడి తీరు, పాదాంతమున వాక్యము ఆగెడి తీరు, సంస్కృతమునకును తెలుగునకును నడుమ పాళ్లు, ఇవన్నియు తూచి చూపినపుడే అది నిరూపణ మగును. తెలియని చెవికి అది ఒకే వస్త్రము. తెలిసిన చెవికి నేత మారిన చోటు చేతికి తగులును.

మోసపు అతుకులును లేకపోలేదు, అనుమానపు అతుకులును లేకపోలేదు. ఆంధ్రశబ్దచింతామణి యను సంస్కృత సూత్రముల తెలుగు వ్యాకరణము నన్నయదని ప్రతీతి. అది యింతకాలము లోకమునకు తెలియక పోవుటకు అప్పకవి 1656లో ఒక కథ చెప్పెను: భీమకవి ఈర్ష్యచేత ఆ పుస్తకమును గోదావరిలో కలిపెననియు, చిన్ననాట దానిని వల్లించిన రాజరాజు కొడుకు సారంగధరుడు సిద్ధుడై బ్రదికియుండి, మతంగగిరి దగ్గర బాలసరస్వతికి దానిని అప్పగించెననియు. కథ ఎంత మనోహరమో సాక్ష్యముగ అంత దుర్బలము. పదమూడవ శతాబ్దిలో కేతన తెలుగునకు వ్యాకరణము చెప్పుచు, తనకు ముందు ఎవ్వరును చెప్పలేదని పలికెను. పదునేడవ శతాబ్ది బాలసరస్వతికి ముందు ఈ గ్రంథమునకు వ్యాఖ్యాత లేడు. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారు నన్నయ కర్తృత్వమును శంకించిరి, పెట్టకూడదన్నవారు కోపించిరి. నేను శంకించువారి పక్షమువాడను. నా బాల్యమున మా గురువుగారు ఈ కథ చెప్పునపుడు గోదావరివైపు చేయి చూపెడివారు. ఆ చేతిని నేను ప్రేమింతును గాని ఆ వాదమును కాదు.

ఇప్పుడు మార్టేరు పోదము. పెనుమంట్ర దాటి పచ్చని సార్వా చేల నడుమ ఆ పరిశోధన క్షేత్రమునకు పోయినపుడు, వరికి సంకరము కట్టుట చూడవలయునను నా కోర్కెను అచ్చటివారు మన్నించిరి. సాయంకాలపు వేళ, పొట్టనుండి సగము బయటపడిన వెన్నును ఒక ఆడమనిషి ఎడమచేత పట్టుకొని, చిన్న కత్తెరతో గింజ గింజకును పై మొన ఏటవాలుగ కత్తిరించి, ఆ సందులోనుండి సన్నని పటకారుతో లోని కేసరములను ఊడబెరుకుచుండెను. వరిపువ్వులో కేసరములారు. ఆరింటిలో నొకటి మిగిలినను ఆ పువ్వు తన పుప్పొడితో తానే ఫలించును. ఫలించిన గింజ కొత్తది కాదు, పాతదే. అందుచేత ఆరును లెక్కబెట్టవలయును. పిదప వెన్నుకు కాగితపు తొడుగు తొడిగి, మరునాటి ఉదయము ఎండ పొడిచి పువ్వులు విచ్చువేళ తండ్రి మొక్క వెన్నును తెచ్చి, తొడుగులో తలక్రిందుగ దులుపుదురు. అంతే. అంతటితో మొదలైన పని ఏడెనిమిది తరములు ఏరివేతలు సాగి, మడిచెక్కలలో పోటీలు గెలిచి, రైతుల చేలలో చిరుసంచుల పరీక్షలు దాటి విత్తనముగ పేరు పొందుటకు దాదాపు ఒక బాలుడు కాలేజీ కెక్కునంత కాలము పట్టును. పేరు పొందిన తరువాతను విశ్రాంతి లేదు; ఏటేట చేలో దిగి కేళీలను, అనగా నడుమ దూరిన పరరకపు మొక్కలను, ఏరివేయకున్నచో రకము చెడును. ప్రాచీన కావ్యమున ప్రక్షిప్త పద్యములను ఏరివేయువాడు చేయునది సరిగ్గ ఇదియే. లేఖకుడు పకారమును వకారముగ చదివి వ్రాసినది ఒక కేళీ. తరువాతివాడు తనకు నచ్చిన పద్యమును నడుమ దూర్చినది మరియొక కేళీ.

ఆ క్షేత్రమునుండి 1982లో వెలువడిన ఎం.టి.యు. 7029, లోకమున స్వర్ణ యని పేరుగాంచినది, తూర్పు భారతమంతయు ప్రాకి, ఒరిస్సాలో, వంగదేశమున, బంగ్లాదేశములో, నేపాళములో గూడ పండినది. దాని వంశావళిని విప్పి చూచినచో తల్లి వసిష్ఠ. మన గోదావరి పాయ పేరు. తండ్రి మసూరి. ఆ మసూరి మనది కాదు. మలేషియాలో 1965లో వెలువడినది. దానికి ఒకవైపు తైవాను రకము, రెండవవైపు మలయా రకము. ఆ రెండింటిని కలుపు ప్రయత్నమునకు మూలము కటకములో సాగిన అంతర్జాతీయ సంకరణ కృషిలో నున్నది. కనుక నరసాపురపు చేలో నిలిచిన ఒక స్వర్ణ దుబ్బు, కదలకుండ నిలుచుండియే, తైవాను, మలయా, కటకము, మార్టేరు చుట్టివచ్చిన సాహసయాత్రికుడు. ఇంకను ఉన్నది. ముంపునకు స్వర్ణ తాళలేదు. ఒరిస్సా పల్లపు రైతులు తరతరములుగ పండించిన ధాన్యమునుండి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ అను రకము రెండువారముల నీటిమునకకు తాళునని పూర్వమే తెలిసినను, దాని యన్నము రుచించదు, దిగుబడి తక్కువ. దానిలో మునకకు తాళెడి గుణమునిచ్చు సబ్-1 అను భాగమును శాస్త్రజ్ఞులు గుర్తించగా, ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు, తక్కినదేదియు రాకుండ దానిని మాత్రము స్వర్ణలోనికి దింపి, అది స్వర్ణయే యన్నట్లు తీర్చిరి. 2009లో మన దేశమున విడుదలయ్యెను. చదువరి యిప్పటికే గ్రహించియుండును: ఇది ఎఱ్ఱన విద్య. తన పేరు కనబడకుండ, నేత మారకుండ, లోటును మాత్రము పూరించుట.

అట్లయిన స్వర్ణ-సబ్1కు కర్త యెవ్వరు? మార్టేరు వారా? ఫిలిప్పీన్సు వారా? మునిగిన చేలో బ్రదికిన నాలుగు దుబ్బులను గుర్తించి, ఆ గింజలనే మరుసటి యేటికి దాచిన ఒరిస్సా ముసలమ్మయా? ఇది వేళాకోళము కాదు. 2001లో మన పార్లమెంటు చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము రైతును గూడ రకమునకు కర్తగ గుర్తించి, పేరు నమోదుచేసుకొను హక్కిచ్చినది. అనగా కర్తృత్వ మీమాంస పండితుల అరుగుమీదినుండి దిగి విత్తనాల దుకాణములోనికి వచ్చి కూర్చున్నది. ఏ వంశావళి నిజము, ఏది కల్పితము, ఏ సాక్ష్యము చెల్లును, ఏది చెల్లదు అను విచారణలో శిక్షణ పొందినవాడు ఆ చట్టమును నడుపునపుడు ఎంత యవసరమో, అట్టివానిని తయారుచేయు విద్యయే "సరదా" రాశిలో పడియున్నది.

భీమవరమువారికి ఈ మీమాంసలో ఇంటి కథ యొకటి కలదు. 1895లో అచ్చట పుట్టి రాజమహేంద్రవరమున చదువు మొదలిడిన యల్లాప్రగడ సుబ్బారావు, స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికి కొద్దిదినముల యెడముతో ఇరువురు సోదరులను పోగొట్టుకొని, 1923లో అమెరికా చేరి, బోస్టను ఆసుపత్రిలో రాత్రి కూలిపనులు చేయుచు, హార్వర్డులో సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో కుదురుకొనెను. రక్తములోని భాస్వరమును కొలుచుటకు ఆయన కనిపెట్టిన పద్ధతి 1925లో ఫిస్క్-సుబ్బారావు పద్ధతియను పేర అచ్చుపడి, నేటికిని ఆ పేరుతోనే జీవరసాయన పాఠములలో నున్నది. కండరములు శక్తిని ఎట్లు నిలువచేయునో తెలిపిన ఫాస్ఫోక్రియాటిను, ఎ.టి.పి.ల ఆవిష్కరణలోను ఆయన చేయి కలదు. అటుపిమ్మట ఆయన వేరుచేసిన కొన్ని ద్రవ్యములు లోకమునకు చేరలేదు. ఫిస్క్ ఈర్ష్యవలన అవి వెలుగుచూడక, తరువాతి యేండ్లలో ఇతరులు మరల కనిపెట్టవలసివచ్చెనని, 1988లో నోబెలు బహుమాన మందుకొన్న జార్జి హిచింగ్స్ చెప్పెను. భీమకవి గోదావరిలో కలిపిన పుస్తకపు కథను నమ్మనివాడనైన నాకు, చార్లెసు నది యొడ్డున కలిసిపోయిన ఈ కాగితముల కథ యెదుట నోరు పెగలదు.

లెడర్లీ యను మందుల సంస్థకు పోయిన తరువాత సుబ్బారావు నడిపించిన బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసినది. ఆయన సోదరులను మ్రింగిన జబ్బునకే అది మందు. దానిని ప్రకటించిన పత్రములో పదిమందికి పైబడిన పేర్ల నడుమ ఆయన పేరొకటి. ఆ ఫోలిక్ ఆమ్లమునకు ఎదురుపడెడి పదార్థములను ఫార్బర్ పండితుడు పసిపిల్లల రక్తపు కాన్సరుకు వాడి 1948లో ఫలితములు ప్రకటించెను. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. ఇంతటి గొప్ప విషయములను అటుంచి, మన ప్రాంతపు చిన్న విషయమొకటి చెప్పుదును. గోదావరి జిల్లాలలో బోదకాలు లేని పేట నా చిన్నతనమున లేదు. గుడిమెట్లమీద, సంత దారిలో, ఏనుగు పాదమువలె బరువెక్కిన కాలీడ్చుచు నడచువారు మాకు నిత్యదర్శనము. ప్రభుత్వమువారు ఇంటింటికి పంచిన డి.ఇ.సి. మాత్రలు ఆ సుబ్బారావు బృందము తీసిన హెట్రజాన్ మందే. మా వీధిలో ఆ మాత్రలు పంచవచ్చిన యమ్మాయిని, ఇది యెవరు కనిపెట్టిరో తెలియునా యని నేనొకసారి అడిగితిని. "ముందు మింగండి బాబాయిగారూ, తర్వాత చెబుదురుగాని," అని నీళ్ల గ్లాసు అందించెను. మింగితిని.

1925వ సంవత్సరము నన్ను వెంటాడుచుండును. ఆ యేడే మార్టేరు క్షేత్రము పుట్టినది. ఆ యేడే భాస్వరపు పద్ధతి అచ్చుపడినది. ఆ యేడే ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రమున పనిచేయుచున్న రొనాల్డు ఫిషర్, పరిశోధకులకు గణాంక పద్ధతులను బోధించు తన గ్రంథమును ప్రకటించెను. ఒకే రకపు గింజలను రెండు మడిచెక్కలలో చల్లినను దిగుబడి ఒకటిగ రాదు. ఆ తేడా నేలదా, రకముదా, వట్టి కాకతాళీయమా యని తేల్చుటకు ఆయన ఏర్పరచిన లెక్కలే నేటికిని మార్టేరు మడిచెక్కలలో నడచుచున్నవి. ఆ లెక్కల సంతతివారే పుస్తకములలో దూరినారు. అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు 1787, 1788లలో మారుపేరున వెలువడిన వ్యాసములలో పండ్రెండింటి కర్త మాడిసనా, హామిల్టనా యను చిరకాలపు తగవును 1964లో మోస్టెల్లర్, వాలెస్ అను గణాంకవేత్తలు విచారించిన రీతి చూడుడు. వారు భావములను చూడలేదు, అలంకారములను చూడలేదు. రచయిత కనుగప్పి కలమునుండి జారిపడెడి చిన్నచిన్న పొడిమాటలను లెక్కించి, మాడిసనే యని తేల్చిరి. పెద్దమాటలను ఎవడైనను అనుకరింపగలడు. "మరియు", "కాని", "అయితే" అనువాటిని వాడు తీరు మనిషి నడకవంటిది, మార్చుకొనుటకు వీలుపడదు. క్రీడాభిరామము శ్రీనాథునిదా, వినుకొండ వల్లభరాయనిదా యను తగవును, వేమన పేర చెలామణియగు వేలకొలది పద్యములలో వేమనవెన్ని యను తగవును మన విద్యార్థులు ఇట్లు ఎత్తుకొనినచో, వారికి కావలసిన లెక్కల పాఠము పక్క మండలములోని వరిచేలో దొరకును. పోయి నేర్చుకొనుమని చెప్పు గురువేడి?

నా పక్షమువారి తప్పును దాచను. సాహిత్య పరిశోధనమునకు ఈ చులకన బయటివారివలననే రాలేదు. ఉద్యోగమునకు పట్టము అవసరమయ్యెను. పట్టమునకు సిద్ధాంతవ్యాసము అవసరమయ్యెను. వ్యాసము వ్రాయ తీరికలేనివానికి వ్రాసిపెట్టువాడు దొరకెను. ఒకసారి నా యొద్దకు పరిశీలనకై వచ్చిన వ్యాసములో, నేను ముప్పదియేండ్ల క్రిందట ఒక మాసపత్రికలో వ్రాసిన పుటలు నాలుగు, నా అచ్చుతప్పుతో సహా, పొల్లుపోకుండ కనబడినవి. కర్తృత్వముమీద వ్రాసిన వ్యాసమే అది. నవ్వవలయునో యేడువవలయునో తెలియక, అచ్చుతప్పును మాత్రము ఎఱ్ఱసిరాతో దిద్ది తిప్పిపంపితిని. వరిలో ఇట్టి కల్తీ జరిగినచో రైతు దుకాణము ముందు కూర్చుండి ధర్నా చేయును. పంట సాక్ష్యము చెప్పును. పుస్తకములో జరిగినచో సాక్ష్యము చెప్పు పంట లేదు, పండితుడు తప్ప. అందుచేత ఆ పండితుని అవసరము వరికంటె ఎక్కువ యని వాదింపవచ్చును గాని నేనంతదూరము పోను. అన్నము తినియే వ్రాయుచున్నాను.

నేను కోరునది పెద్ద సొమ్ము కాదు. రాజమహేంద్రవరమున తెలుగు ఎం.ఏ. చదువు పిల్లలను ఏడాదికొక వారము మార్టేరు పంపి మడిచెక్కల లెక్క చూపుడు. మార్టేరులోను, వెంకట్రామన్నగూడెములోను చదువు పిల్లలను తాళపత్రముల ముందు కూర్చుండబెట్టి, ఒకే పద్యపు మూడు ప్రతులిచ్చి, మూడింటికిని తల్లిప్రతి ఎట్లుండెనో ఊహింపుమనుడు. వంశవృక్షము గీయుట వారికి మనకంటె బాగుగ తెలియును. విత్తనపు సంచిమీద తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన క్షేత్రపు పేరు అచ్చువేయుటకు పట్టు సిరా యెంత? భూమికి దస్తావేజులో పూర్వపు హక్కుదారులను మూడు తరములు వెదకు మన రైతు, తాను తిను గింజకు ఆ మాత్రము చరిత్ర కోరడని అనుకొనుట అతనిని తక్కువచేయుట. కర్త పేరు మరుగుపడుట విత్తనమునకే కాదు: గోదావరి ఆనకట్ట కాటనుదని యెరిగినవారిలో ఆయనకు కుడిభుజముగ నిలిచిన వీణెం వీరన్న పేరెరిగినవారు నూటికెందరో ధవళేశ్వరపు గట్టుమీద నిలిచి అడిగి చూడవచ్చును.

మార్టేరులో ఆనాడు చూచినదానిలో ఒకటి చెప్పక విడిచితిని. తొడుగు తొడిగిన ప్రతి వెన్నుకును ఒక చిన్న అట్టచీటీ దారముతో కట్టియుండెను. దానిమీద తల్లి రకము, గుణకారపు గుర్తు, తండ్రి రకము, తేదీ, అన్నియు పెన్సిలుతో. సిరాతో ఏల వ్రాయరని అడిగితిని. "సిరా వానకి కారిపోద్దండి. పెన్సిలైతే ఉంటాది," అనెను ఆ ఆడమనిషి, పని ఆపకుండ. చీటీ మూల ఏ రకమునకును చెందని పొడియక్షర మొకటి కనబడుటచేత, ఇది ఏ మొక్క గుర్తని అడిగితిని. ఆమె పటకారు ఎత్తి, ముసిముసిగ నవ్వి, "మొక్కది కాదండి. అది నేను," అనెను.